మంచివి వేరు చెయ్యి

మార్కెట్లో పుదీనా కట్ట చేతికొస్తే ఎవరైనా ముక్కు దగ్గర పెట్టుకుంటారు. నేను ఆకు వెనక్కి తిప్పుతాను. ఆకు ఈనెల వెంట పసుపు చారలున్నాయా, అంచులు ముడుచుకున్నాయా, అడుగున రసం పీల్చే పేనుబంక పట్టిందా అని చూస్తాను. కొత్తిమీరైనా, మెంతికూరైనా అంతే. జనగామ మార్కెట్లో ఆకుకూరలమ్మే ఆమెకు నా మీద ఓపిక పోయి చాలా కాలమైంది. "కొననీకె వచ్చినవా, పిల్లను చూడనీకె వచ్చినవా? గంతగనం తిప్పి తిప్పి చూస్తున్నవు" అంటుంది. నేను ఆ కట్ట కింద పెట్టి ఇంకొకటి తీస్తాను. ఆమె నన్ను తిట్టుకుంటూ కొత్తిమీర మీద నీళ్లు చల్లుకుంటుంది.

నా ఉద్యోగం అలాంటిది. జనగామలో మాదొక చిన్న ల్యాబ్. రైతులు తెచ్చిన ఆకుల్లో వైరస్ ఉందో లేదో, ఉంటే అది ఏ వైరసో చెప్పడం మా పని. అందులో కూరకు వాసన కోసం వేసే ఆకులన్నీ నా వంతు. పుదీనా, కొత్తిమీర, మెంతి, సోయకూర, కరివేపాకు. పత్తి, మిరప చూసేవాళ్ల దగ్గరికి రైతులు గుంపులుగా వస్తారు, పై ఆఫీసు నుంచి ఫోన్లొస్తాయి. నా దగ్గరికి ఎవరో ఒకామె కొంగులో ముడేసుకుని నాలుగు కాడలు తెస్తుంది. ఆ ముడి విప్పేసరికి ఆకు ఉడికిపోయి ఉంటుంది. తడి కాగితంలో చుట్టి తెమ్మని ఎన్నిసార్లు చెప్పినా కొంగే తడి కాగితం.

వచ్చినవాటిలో చాలావాటికి వైరసే ఉండదు. ఇనుము అందక ఆకు పాలిపోయి ఉంటుంది, లేదా నల్లి రసం పీల్చి ఉంటుంది, లేదా మడిలో నీళ్లు నిలిచి వేరు కుళ్లి ఉంటుంది. అలాంటివంటే నాకు ప్రాణం. ఇది చల్లు, అది తగ్గించు అని చెప్పి పంపవచ్చు. నిజంగా వైరస్ ఉన్న రోజు మాత్రం నోట్లోంచి ఒకే మాట రావాలి, దీనికి మందు లేదు, పీకి కాలబెట్టాలి అని. ఎదుటివాళ్లు నమ్మరు. పురుగుమందుల షాపులో వైరస్ మందని సీసా ఇచ్చారు కదా అంటారు. ఒకాయన నన్ను నిలదీశాడు. "కరోనాకే సూది వచ్చింది. పుదీనకు రాదా మేడం?" మొక్కకు మన ఒంట్లోలాగా రోగాన్ని తరిమే ఏర్పాటు లేదని, ఒకసారి లోపలికి వచ్చిన వైరస్ ఆ మొక్క చచ్చేదాకా అందులోనే కాపురముంటుందని చెప్పాను. ఆయన అంతా విని, "అయితె ఏ మందు కొట్టాలె?" అన్నాడు.

పరీక్ష చూడడానికి పెద్దదేం కాదు. ఆకును నూరి, ఆ రసంలో చిన్న పట్టీ ముంచుతాం. ఒక గీత వస్తే లేదు, రెండు వస్తే ఉంది. కరోనా కిట్టు చూసిన వాళ్లందరికీ ఇది ఇట్టే అర్థమవుతుంది. పట్టీని పూర్తిగా నమ్మలేం కాబట్టి ఇంకో పాత పద్ధతి కూడా వాడతాం. దోమతెర గదిలో బొబ్బర్లు మొలిపించి, లేత ఆకుల మీద గరుకు పొడి చల్లి, అనుమానమున్న ఆకు రసాన్ని వేలితో మెల్లగా రుద్దుతాం. వైరస్ ఉంటే కొన్నాళ్లకు బొబ్బరాకు మీద గుండుసూది మొనంత ఎర్రటి చుక్కలు లేస్తాయి. మా వైపు రైతులు మిరపాకు ముడుచుకుపోయే వైరస్ తెగులును బొబ్బర అంటారు. అందుకే మా అటెండరు, "బొబ్బరను బొబ్బర్ల మీదనే పట్టుకుంటున్నరు మీరు" అని నవ్వుతుంటాడు. నేనూ నవ్వేదాన్ని. మా అక్క మడి సంగతి వచ్చేదాకా.

మా అక్కను రేగొండ పక్క ఊరికి ఇచ్చారు. అత్తగారి భూమంతా పత్తి, మిరప. ఎక్కడ ఏం వెయ్యాలో బావ ఇష్టం. బోరు పక్కన ఒక్క మడి మాత్రం అక్కది. అందులో పుదీనా వేసింది. పొద్దున్నే కోసి, కట్టలు కట్టి, భూపాలపల్లి బస్సెక్కి, బొగ్గుబాయి పనివాళ్ల క్వార్టర్లలో తిరిగి అమ్ముతుంది. బిర్యానీ సెంటర్ల వాళ్లు ఆమె కోసమే చూస్తుంటారు. అక్కడందరూ ఆమెను పుదీనక్క అంటారు. ఊళ్లో ఆమె ఒకరి భార్య, ఒకరి కోడలు, ఒకరి తల్లి. ఆ క్వార్టర్లలో మాత్రం ఆమెకు సొంతంగా ఒక పేరుంది, ఆకు పేరైతేనేం. ఆ మడి లేకపోతే తనకు బస్సెక్కే పనే ఉండదని అక్క నాతో చాలాసార్లు అంది. "మడి ఖాళీగ కనవడితె చాలు, మీ బావ మిరప పెడ్తడు. ఒక్కపారి పెట్టిండంటె ఇగ నాకు రాదు" అనేది. బావ చెడ్డవాడేం కాదు. ఖాళీ నేల చూస్తే ఆయన చేతులు ఊరుకోవు.

ఆ పుదీనా మా అవ్వది. మేము తల్లిని అవ్వ అనే పిలిచేవాళ్లం. మాది నర్మెట్ట దగ్గర పల్లె. మా చిన్నప్పుడు అవ్వ మిరపకాయలు ఏరడానికి కూలికి మానుకోట వైపు వెళ్లేది. మహబూబాబాద్‌ను మేమందరం మానుకోట అనే అంటాం. అక్కడ చేలో ఒక లంబాడామెతో అవ్వకు సోపతి కలిసింది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి సరిగా రాదు, అయినా పగలంతా మాట్లాడుకునేవారట. ఆమె తన తండా నుంచి తడిగుడ్డలో చుట్టి పుదీనా వేర్లు తెచ్చి అవ్వకిచ్చింది. అవ్వ వాటిని మా ఇంటి వెనక, స్నానం నీళ్లు పారే చోట నాటింది. ఆ లంబాడామెను మేము యాడి అంటాం. వాళ్ల భాషలో యాడి అంటే అమ్మ. అవ్వే మాకలా నేర్పింది.

అక్క పెళ్లయ్యాక ఒడిబియ్యం పోసినప్పుడు, బియ్యంతో పాటు అవ్వ ఆమె ఒళ్లో పుదీనా వేర్లు కూడా పెట్టింది. నాకూ పెట్టింది. జనగామలో అద్దె ఇంటి డాబా మీద కుండీలో నాటితే ఓనరు గారి మేక మెట్లెక్కి వచ్చి మొదలంటా తినేసింది. అవ్వ పోయాక నర్మెట్ట మడి మీద మా తమ్ముడు బాత్రూం కట్టుకున్నాడు. అలా అవ్వ పుదీనా రేగొండలో అక్క దగ్గర మాత్రమే మిగిలింది. కొత్తిమీర ఎప్పటికప్పుడు కొత్త గింజతో మొలుస్తుంది, దాని రోగం దానితోనే పోతుంది. పుదీనా అలా కాదు. వేరు నుంచి వేరుకు అదే మొక్క పాకుతూ పోతుంది. అక్క మడిలో ఉన్నది అవ్వ నాటిన మొక్కే, ఇంకొకటి కాదు.

బతుకమ్మ పండుగ ముందు అక్క ఫోన్ చేసింది. "చెల్లె, పుదీన ఎందుకో పండువారుతున్నది. జర వచ్చి చూడరాదు" అంది. ఆదివారం వెళ్లాను. మడికి మూడు పక్కలా అప్పుడే నాటిన మిరప. వంగి ఒక కొస తుంచి ఆకు వెనక్కి తిప్పాను. ఈనెల పక్కన పసుపు చారలు, మెలి తిరిగిన కొసలు, అడుగున పేనుబంక. ఇంకొకటి తుంచాను. అక్క మడిని చూడడం లేదు, నన్నే చూస్తోంది.

"ల్యాబ్ల చూస్తెగాని చెప్పలేం అక్కా" అన్నాను.

"నీ మొకం చూస్తె నాకు సమజయింది" అంది అక్క. "ఊరందరి ఆకులు చూస్తవు. నాది మంచిగున్నదని చెప్పు. గంతే అడుగుతున్న."

మడంతా అలా లేదు. ఒక పక్క చారలు కొట్టొచ్చినట్టు కనిపిస్తున్నాయి, ఇంకో పక్క పచ్చగా, గుబురుగా, అవ్వ మడిలా ఉంది. అక్క నన్ను ఆ పక్కకే పదే పదే తీసుకెళ్లింది. అక్కడే మోసమని నాకు తెలుసు. కొన్ని కాడలు లోపల వైరస్‌ను మోస్తూనే పైకి నవనవలాడుతుంటాయి. రెండు పక్కల నుంచీ కాడలు తీసుకుని, తడి కాగితంలో చుట్టుకుని జనగామ వచ్చాను.

పట్టీ మీద రెండు గీతలు వచ్చాయి. చారలున్న ఆకుకూ వచ్చాయి, పచ్చటి ఆకుకూ వచ్చాయి. దోసకాయ పేరు పెట్టుకుని ఊరంతా తిరిగే మొజాయిక్ వైరస్ అది. మిరప, టమాటా, అరటి, దేన్నీ వదలదు. పేనుబంక కాళ్లకో రెక్కలకో అంటుకుని రాదు. ఆ పురుగు మూతి గుచ్చి పీల్చినప్పుడు ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు ఎక్కుతుంది. పట్టీ తప్పేమోనన్న ఆశతో బొబ్బరాకుల మీద రుద్దాను. ఎవరో రైతు ఆకైతే పట్టీ చూసి ఊరుకునేదాన్ని. అక్క ఆకు కాబట్టి దోమతెర గదికి రోజూ వెళ్లి నిలబడ్డాను. చుక్కలు లేచాయి. మా అటెండరు చుక్కలు చూసి, ఆ కుండీలు తనే తీసి పక్కన పెట్టాడు.

వెంటనే అక్కకు ఫోన్ చేశాను.

"రెండు గీతలు వచ్చినయి అక్కా."

"ఒక్కటి రావాల్నా?"

"ఒక్కటే రావాలె."

"మరి మందు?"

రోజూ పరాయివాళ్లకు తడుముకోకుండా చెప్పే మాట అక్కతో అనలేకపోయాను. మొత్తం పీకి కాలబెట్టమంటే ఆమె తన చేతులతో తన పేరు కాలబెట్టుకున్నట్టే. ఎదురుగా కూర్చుని చెప్పాలనుకున్నాను. "ముందుగాల మంచియి వేరు చెయ్యి. మచ్చలున్నయి కాలవెట్టు. మిగతది నేను వచ్చినంక చూద్దాం" అన్నాను.

"మంచియి వేరు చెయ్యాలె. గంతేనా?" అక్క గొంతు తేలికపడింది.

"ఇప్పటికైతె గంతే."

మంచివని నేనన్నవాటిలోనూ వైరస్ ఉందని ఆమెకు చెప్పలేదు. చెప్పడానికి ఒక మంచి కబురు తోడుంటే బాగుండనిపించింది. కొత్త పుదీనా తెచ్చి ఆమె చేతిలో పెట్టి, అప్పుడు, అక్కా పాతది పీకెయ్యి అనాలి. పెద్ద పరిశోధన సంస్థలో నాకు తెలిసిన ఒక సీనియర్ ఉన్నాడు. మొక్క చిగురు చివర్లో ఆవగింజంత ముక్క కోసి గాజు సీసాలో పెంచితే వైరస్ లేని మొక్క వస్తుంది. చెరకుకు, అరటికి చేస్తారు. ఆయన్ను అడిగాను. "పుదీనాకా?" అని నవ్వాడు. వెక్కిరించడానికి కాదు, నిజంగానే నవ్వొచ్చింది ఆయనకు. నర్సరీలో కొనవచ్చు, కానీ అక్క ఒకసారి నర్సరీ పుదీనా వేసి చూసింది. బిర్యానీ సెంటర్ వాళ్లు వాసన చూసి, ఇది నీది కాదే అని తిప్పి పంపారట.

అప్పుడు యాడి గుర్తొచ్చింది. అవ్వకు వేర్లిచ్చింది ఆమే. ఆ మడి ఇంకా ఉందేమో.

జనగామలో రైలెక్కి మానుకోటలో దిగి, ఆటోలో తండాకు వెళ్లాను. యాడి బాగా ముసలిదైంది. కొడుకు, కోడలు మేస్త్రీ పనికి హైదరాబాద్‌లో ఉన్నారు. ఆమె, నాలుగు మేకలు, చేతిపంపు పక్కన పుదీనా మడి. మేకలకు అందకుండా ముళ్లకంప కట్టింది. మా ఇంటి ఓనరు ఆ తెలివి నేర్చుకుంటే బాగుండేది. చుట్టుపక్కల మిరప లేదు. రాతి చెలకలు, కంది, జొన్న. నేను వంగి ఆకు తిప్పాను. శుభ్రంగా ఉంది. ఇంకొకటి, ఇంకొకటి తిప్పాను.

"ఏం చూస్తవు బిడ్డా, పేన్లా?" అంది యాడి.

"గవే యాడీ."

"నా ఆకుల పేన్లు లేవు, నెత్తిల ఉన్నయి. చూస్తె అవి చూడు" అని నవ్వి, చాయ్ పెట్టింది. చాయ్‌లో కూడా పుదీనా ఆకు వేసింది. మా అవ్వ మిరపచేలో పాటలు తప్పుగా పాడేదని, తను దిద్దేదని చెప్పింది. ఆ ముళ్లకంప పక్కన కూర్చుని ఆ చాయ్ తాగుతుంటే చాలా రోజుల తర్వాత నా కడుపు చల్లబడింది.

కాడలు తెచ్చి పరీక్ష చేశాను. ఒక్క గీతే వచ్చింది. బొబ్బర్ల మీద రుద్దాను, ఎదురు చూశాను. ఆకులు పచ్చగానే ఉన్నాయి. ఆ సాయంత్రం ల్యాబ్‌లో అందరికీ మిరపకాయ బజ్జీలు తెప్పించాను. పుదీనాకు వైరస్ లేదని బజ్జీలు పెట్టించిన మనిషిని ఇక్కడే చూస్తున్నామని మిరప విభాగం వాళ్లు నన్ను ఆట పట్టించారు. పట్టించుకోలేదు. అక్కకు చెప్పలేదు. వేర్లు చేతిలో పట్టుకునే వెళదామనుకున్నాను. మధ్యలో ఆమె ఒకసారి ఫోన్ చేసింది. "నువ్వు చెప్పినట్టే చేసిన చెల్లె" అంది. "మంచి పని చేసినవక్కా. ఇంకొన్ని దినాలు ఆగు" అన్నాను.

ల్యాబ్‌కు తెచ్చిన యాడి కాడలు అప్పటికే లేవు. పరీక్షకు వచ్చిన ఏ కాడా మళ్లీ బయటికి పోకూడదని మా నియమం. పరీక్ష కాగానే ఆవిరి డబ్బాలో ఉడకబెట్టి పారేస్తాం. రోగమున్నదీ లేనిదీ అన్నీ ఒకే డబ్బాలో ఉడుకుతాయి. అవి కూడా ఉడికిపోయాయి. అయినా ఏముంది, మడి ఉంది కదా అనుకున్నాను.

తడిపిన గోనెసంచి పట్టుకుని మళ్లీ తండాకు వెళ్లాను. నేను ఆటో దిగుతుంటేనే యాడి ఎదురొచ్చింది. ముఖం వెలిగిపోతోంది. "మీ అక్క వచ్చి పోయింది బిడ్డా. ఎన్నేండ్లయింది దాన్ని చూసి" అంది.

"అక్కనా? ఎందుకొచ్చింది యాడీ?"

"నీకు చెప్పలేదా? దాని చేన్ల రోగం వచ్చిందంట గద. మంచి మంచి కాడలు ఏరుకొని, వేర్లతోని తవ్వుకొని, గోనెల చుట్టుకొని ఒళ్లె పెట్టుకొని వచ్చింది. రోగం పోయేదాక మీకాడ ఉండనియ్యి యాడీ అన్నది. మీ అవ్వ పుదీన, నేను వద్దంటనా? సందులన్ని నింపిన. రా, చూపిస్త."

ఆమె నా చెయ్యి పట్టుకుని మడి దగ్గరికి తీసుకెళ్లింది. మడి మునుపటి కంటే గుబురుగా ఉంది. ఎక్కడెక్కడ ఖాళీ ఉంటే అక్కడల్లా అక్క కాడలు. ఇది నాది, ఇది మీదని వేలు పెట్టి చూపించబోయి యాడి తనే తికమకపడింది. "ఇప్పుడు ఏది ఏదో నాకే తెలుస్తలేదు" అని నవ్వింది. నేను కూర్చుని ఆకులు తిప్పాను. ముళ్లకంప పక్కన, చివరి వరుసలో, ఒక లేత కొస అడుగున పేనుబంక బారు కట్టి ఉంది. మొదటిసారి వచ్చినప్పుడు అది లేదు. అక్క గోనెలోనే వచ్చి ఉంటుంది. సంచిలో ఉన్న పట్టీలు తీసి, యాడి పాత మొక్కలని నేను అనుకున్నవాటి ఆకులు రాయి మీద నూరి ముంచాను. ఒకదానికి ఒక్క గీతే వచ్చింది. ఇంకోదానికి రెండు వచ్చాయి. ఒక్క గీత వచ్చిన మొక్కను నమ్మడానికి లేదు. నిన్నటిదాకా బాగున్న మొక్కలో వైరస్ పట్టీకి దొరకడానికి కొంత సమయం పడుతుంది. తెచ్చుకున్న పట్టీలు అయిపోయాయి. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. ఇది మందు కూడా కాదు, ఒక్క మాట.

"అక్క ఇంకేమన్నది యాడీ?" అన్నాను.

"ఏమన్నది... నీకు తల్లి పోసినప్పుడు మీ అవ్వ మీ అక్కను తెచ్చి నాకాడ వదిలిపెట్టలేదా? నీకు యాదికి లేదు, నువ్వు పొక్కులతోని పండుకొని ఉన్నవు. మంచిగున్న పిల్లను వేరు చెయ్యాలె, రోగమున్న ఇంట్ల ఉండొద్దని తెచ్చి నాకాడ పెట్టింది. నీకు తగ్గేదాక ఇక్కడనే ఉన్నది అది. నా మేకలతోనే తిరిగింది. గదే యాదికి తెచ్చుకొని ఏడ్చింది. మా చెల్లె గూడ గదే మాట చెప్పింది యాడీ, మంచియి వేరు చెయ్యమన్నది, అందుకే నీకాడికి తెచ్చిన అన్నది."

మా ల్యాబ్‌లో వేరు చెయ్యడమంటే పక్కన పెట్టి చీటీ అంటించడం. మా ఇంట్లో వేరు చెయ్యడమంటే ఇది. అమ్మవారు పోసిన ఇంటి నుంచి బాగున్న పిల్లను ఎత్తుకుని, నమ్మకమున్న మనిషి దగ్గర దించి రావడం. వేరు పడ్డ అన్నదమ్ముల పొయ్యిలు వేరు, పుదీనా మొదట్లో ఉన్నదీ వేరే. అక్క ఏ అర్థాన్నీ వదల్లేదు. అన్నీ తీసుకుని, తు.చ. తప్పకుండా నేను చెప్పినట్టే చేసింది. ఆమెను తప్పు పట్టడానికి నాకొక్క మూల దొరకలేదు. కోపం మాత్రం ముంచుకొచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. పేనుబంకను తిడదామా, పుదీనాకా అని నవ్విన పెద్దమనిషిని తిడదామా, తెలుగును తిడదామా?

యాడికి చెప్పాలి కదా. నోరు తెరిచాను. ఆమె నా గోనెసంచి చూసి, "కాడలకు వచ్చినవా? ఎన్ని కావాల్నో తవ్వుకో బిడ్డా, మీయే గద" అని గునపం తెచ్చి ఇచ్చింది. నేను గునపం పట్టుకుని నిలబడ్డాను. తవ్వితే అక్క మడికి మళ్లీ అదే రోగం పట్టుకుపోతాను. తవ్వకపోతే అక్కకు ఇవ్వడానికి ఏమీ లేదు. ఇలాంటి మడిని పీకి కాలబెట్టాలని రోజూ ఎవరికో ఒకరికి చెప్పే మనిషిని నేనే. ఆ పని ఇక్కడ చేస్తే అవ్వ పుదీనా ఇక ఏ జిల్లాలోనూ ఉండదు. చెయ్యకపోయినా మంచిదైతే ఎక్కడా లేదు. చదువుకున్న చదువంతా నాకు ఈ రెండూ స్పష్టంగా చెప్పడానికే పనికొచ్చింది. యాడి మేకలను కట్టెయ్యడానికి అటు వెళ్లగానే కళ్లనీళ్లు ఆగలేదు.

అప్పుడే అక్క ఫోన్ చేసింది.

"చెల్లె, ఎక్కడున్నవు?"

"పని మీద బయటికి వచ్చిన."

"మడంత సాఫ్ చేసిన. ఒక్క కాడ ఉంచలే, మొత్తం పీకి కాలవెట్టిన. నువ్వు చెప్పినవని గాదు, దాన్ని చూస్తె నాకే బుగులైంది. మంచియి యాడి కాడ దాచిపెట్టి వచ్చిన, నీకు చెప్పలే, నువ్వు నవ్వుతవని. మీ బావ అప్పుడే మిరపనారు తెస్త అంటుండు. ఆగు, నా పుదీన వస్తది, ఇంక కొన్ని దినాలు అని పట్టుకొని కూసున్న. క్వార్టర్లకాడ గూడ చెప్పి వచ్చిన, మళ్ల వస్త, ఎవ్వల కాడ తీసుకోకున్రి అని."

చేతిపంపు దగ్గర ఎవరో నీళ్లు కొడుతున్నారు. ఆ చప్పుడు ఫోన్‌లో ఆమెకు వినపడి ఉండాలి.

"తండాకే పోయినవా?" అంది అక్క. గొంతులో ఆశ దాచుకోలేకపోయింది. "చెప్పు మరి. నేను పెట్టినయి బతికినయా?"

మడి వైపు చూశాను.

"బతికినయి అక్కా" అన్నాను. "మడంత పాకినయి."